మంత్రిగారు మింగిన కెమెరా

రండి, దగ్గరికి జరగండి. వెనక గుసగుసలు ఆపండి. మంత్రిగారి పేగుల సంగతి చెబుతున్నాను, మర్యాదగా వినాలి.

పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపే మా బావకు పది రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోంది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. గొట్టం నోట్లోంచి వేసి చూశారు, కిందనుంచీ వేసి చూశారు. ఏమీ దొరకలేదు. ఇక మిగిలింది చిన్నపేగేనని, అక్కడికి మామూలు గొట్టం అందదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రంత కెమెరా మింగిస్తే అదే ఫొటోలు తీసుకుంటూ పోతుందట. ఆసుపత్రికి వచ్చింది ఒకటే ఒకటి.

బావ నోరు తెరిచాడు. అంతలో సూపరింటెండెంటు పరిగెత్తుకొచ్చి, ప్రారంభోత్సవం కాకుండా ఇక్కడ దూది ముక్క కూడా వాడకూడదని ఆపేశాడు.

మర్నాడు ఆరోగ్య మంత్రిగారు దయచేశారు. అంత చిన్న కెమెరాకు రిబ్బను కట్టడం ఎవరివల్లా కాలేదు. మంత్రిగారు క్షణం ఆలోచించి, ప్రజల కోసం దేనికైనా సిద్ధమని చెప్పి, దాన్ని తానే మింగేశారు.

"సార్, అది పేషెంటుది," అంది డాక్టరమ్మ.

"పేషెంటు ఎవరి మనిషి తల్లీ? మన మనిషేగా," అన్నారాయన త్రేన్చి.

హాల్లో పెద్ద తెర మీద ఎనిమిది గంటలు చూపించారు. పేగు మలుపు తిరిగినప్పుడల్లా కార్యకర్తలు జై కొట్టారు. నిన్నటినుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదన్న మంత్రిగారి కడుపులో జీడిపప్పు కనిపించింది. అది ప్రతిపక్షాల కుట్ర అని పార్టీ కార్యదర్శి అక్కడికక్కడే ఖండించాడు.

రక్తస్రావం ఎక్కడా లేదని తేలింది. సూపరింటెండెంటు సంతోషంగా బావ డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేశాడు.

"మరి ఇప్పుడే నల్లగా తడిసిన ఈ పక్కదుప్పటి ఏంటి బాబూ?" అని అడిగింది మా అక్క.

"అది పరీక్షకు ముందుదమ్మా."

అందరూ మంత్రిగారిని కారెక్కించడానికి వెళ్ళారు. డాక్టరమ్మ ఒక బీరువా తాళం పగలగొట్టింది. అందులో చిన్నపేగు లోపలికంటా వెళ్ళే బుడగల గొట్టం ఉంది. పాత ప్రభుత్వం కొన్నదని నాలుగేళ్ళుగా దాన్నెవరూ ముట్టుకోలేదు. స్ట్రెచర్ నేనే తోశాను. చొక్కా చెయ్యి మడిచినట్టు పేగును ఆ గొట్టం మీదికి మడుచుకుంటూ డాక్టరమ్మ మూడు గంటలు వెతికింది. గుండుసూది తలంత చోట రక్తం కారుతోంది. కాల్చి మూసేసింది. అక్క అక్కడే గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది.

మూడో రోజుకు బావ లేచి కూర్చున్నాడు. పేపర్లో మాత్రం పెద్దక్షరాలతో పడింది: 'మంత్రి మింగారు, రోగి కోలుకున్నాడు.'

పక్క మంచం పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి అక్కను దగ్గరికి పిలిచాడు.

"అమ్మాయ్, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మంత్రిగారిని పొద్దునొకటి, రాత్రొకటి మాత్ర వేసుకోమని చెబుతావా?"