మామీర్ క్యాంపు పార్లమెంటు

"దేశం దూసుకుపోతోంది. మన లేబర్ క్యాంపు వెనకబడితే చరిత్ర క్షమించదు" అని మేనేజర్ కిరీటిగారు గల్ఫు దేశంలోని మామీర్ క్యాంపు వాకిట్లో కుర్చీ ఎక్కి ప్రకటించారు. ఇకమీదట కూలీలు ఫిర్యాదులతో ఆఫీసు గుమ్మం తొక్కనక్కరలేదు. వాళ్ళకో పార్లమెంటు ఉంటుంది. కింది సభను కూలీలు ఎన్నుకుంటారు, పై సభను కంపెనీ నియమిస్తుంది. రెండు సభలూ ఒప్పుకుంటే కంపెనీ ఆలోచిస్తుంది. ఇంతకన్నా మనిషికి కావలసిందేముంది?

తాపీమేస్త్రీ ముత్తన్నకు ఒళ్ళు పులకరించింది. జగిత్యాల దగ్గర సొంతూళ్ళో వార్డు మెంబరుగా నిలబడి, ఇంట్లోవాళ్ళ ఓట్లు కూడా పూర్తిగా రాబట్టుకోలేకపోయిన మనిషి. ఇక్కడ మాత్రం రూములో ఉండే పరమేశ్, నర్సింగ్ పట్టుబట్టి నిలబెట్టారు. కారణం సిద్ధాంతం కాదు, రూములోని కిటికీ ఏసీ. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి అది వేడిగాలి ఊదుతోంది. నిద్రలేక నర్సింగ్ పరంజా మీద తూలి, కడ్డీ చేతికందబట్టి బతికాడు.

"అన్నా, నువ్ గెలిస్తే ఏసీ బాగుగావాలె. గింతే మన మేనిఫెస్టో" అన్నాడు నర్సింగ్.

ముత్తన్న మాటిచ్చాడు. మాటతోపాటు కోడికూరా పెట్టాడు. సముద్రం దాటినంత మాత్రాన మన పద్ధతులు మానుకుంటామా? గెలిచాడు. చేతులు జోడించిన అతని ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయించి గేటుకు కట్టారు. ఊళ్ళోవాళ్ళకు గల్ఫంతా దుబాయే కాబట్టి, ఇంటికి ఫోన్ చేసి, దుబాయిల మెంబర్నయ్యానని చెప్పుకున్నాడు. భార్య చంద్రవ్వ అంతా విని, "మంచిగనే ఉంది గని, ఏసీ బాగైందా?" అంది. ఆమెకు రాజ్యాంగం తెలియదని ముత్తన్న జాలిపడ్డాడు.

సభకు ముందురోజే మెకానిక్ వచ్చి ఏసీని ఊడదీసి రిపేరుకు పట్టుకెళ్ళాడు. సభ కూడకముందే పని చేసిన మెంబరని పరమేశ్ మురిసిపోయాడు. గోడకు పడ్డ కంతలోంచి దుమ్ము వస్తున్నా ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు కొత్త క్యాబిన్‌లో సభ. లోపల చల్లగా, హాయిగా ఉంది. ముత్తన్న తలెత్తి చూశాడు. గోడకు ఏసీ. దాని మీద తను అంటించిన కొండగట్టు అంజన్న స్టిక్కర్.

లేచి నిలబడ్డాడు. "సార్, గిది మా రూముది."

పై సభ తరఫున కిరీటిగారు చిరునవ్వు నవ్వారు. "ముత్తన్నగారూ, ఈ సభ ఎవరిదండీ?"

"మాదే సార్."

"మరి సభలో ఏసీ?"

ముత్తన్న ఆలోచించాడు. చల్లగాలికి ఆలోచన సాఫీగా సాగింది. "గదీ మాదే సార్."

"సభ్యులు సంతృప్తి వ్యక్తం చేశారని రాసుకోండి" అన్నారు కిరీటిగారు. వెంటనే సన్మానం. జరీ అంచు శాలువా కప్పి, ఫొటో తీసి, మళ్ళీ సభ చలికాలంలోనే అని చెప్పి క్యాబిన్‌కు తాళం వేశారు.

రూములో నర్సింగ్ తడిబట్టతో ఒళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఏసీ ఏదన్నా?"

"సభల ఉంది. మనదే."

నర్సింగ్ తడిబట్ట పిండుకుంటూ గోడకున్న కంతను, ముత్తన్న శాలువాను మార్చి మార్చి చూశాడు. ఆ చూపుకు తాళలేక మెంబర్‌గారు శాలువా తీసి, కంతకు అడ్డంగా పెట్టి మేకులు కొట్టారు.

సాయంత్రానికల్లా ఆఫీసు మనిషి వచ్చాడు. శాలువా వాపసు కావాలట. పక్క క్యాంపులో కూడా ప్రజాస్వామ్యం మొదలవుతోందట. మేకుల చిల్లులు చూసి పెదవి విరిచి, మడతపెట్టి పట్టుకుపోయాడు.

దుమ్ము మళ్ళీ లోపలికొచ్చింది. పరమేశ్ గేటు దగ్గరికెళ్ళి ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. ముత్తన్న మొహం సరిగ్గా కంత మీదికి వచ్చేట్టు బిగించారు. గాలి కొట్టినప్పుడల్లా మెంబర్‌గారి బుగ్గలు రెండూ పొంగుతున్నాయి.

అప్పుడే చంద్రవ్వ వీడియో కాల్ చేసింది. ఫ్లెక్సీని కాసేపు తేరిపార చూసింది.

"మెంబరైనంక ఒళ్ళు మంచిగనే జేసినవ్" అంది.