పచ్చ వంకాయ తోటలో ఊదా వంకాయలు

నేను దొంగతనం చెయ్యలేదు వదినగారూ, కొనుక్కొచ్చాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నేమీ అనకండి.

మా అమ్మాయి ఎకరం నేలలో పురుగుమందు కొట్టకుండా కూరగాయలు పండిస్తోంది. దానికి మందంటే పడదు, పురుగులకు మా తోటంటే ప్రాణం. ఆ రోజు పెద్ద బడి వంటమేస్త్రి వంకాయలు చూడటానికి వస్తానన్నాడు. ఆయనకు నచ్చితే వారం వారం బడి పిల్లలందరికీ మా కూరలే. నచ్చకపోతే తోట ఎత్తేసి, అమ్మాయి ఇదివరకు మానేసొచ్చిన పురుగుమందుల కొట్టులోనే మళ్లీ పనికి చేరాలి.

కోసి ఉంచిన వంకాయల బుట్టలోకి తొంగిచూశాను. అన్నీ మచ్చలు, చిల్లులు. పిల్లలకు కడుపునొప్పి, మేస్త్రికి కోపం, మా గుమ్మంలో పోలీసులు, అన్నీ కళ్లముందు కనిపించాయి.

గబగబా బజారుకెళ్లి నిగనిగలాడే వంకాయలు తెచ్చి బుట్టలో పోశాను. మావి సంచిలోకెత్తి మంచం కిందకు తోశాను.

"ఆ సంచిలో ఏముందే?" అన్నారు మా ఆయన.

"పాత బట్టలు."

"పాత బట్టలకు తొడిమలుంటాయా?"

"మీరు నోరు మూసుకుంటే ఇవాళ గండం గడుస్తుంది."

"నా నోరు పెళ్లినాడే మూసేశావు కదే!"

మేస్త్రి వచ్చాడు. ఒక వంకాయ తీసి, అందులో మీసం సరిచూసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బాగున్నాయమ్మా. ఏ మొక్కలకు కాశాయో చూపించండి."

దర్జాగా ముందు నడిచాను. తోటలో అడుగుపెట్టాక తెలిసింది. మా మొక్కల నిండా పచ్చ వంకాయలు, నా బుట్ట నిండా ఊదావి! కంగారులో రంగు చూసుకోలేదు.

"మీ అమ్మను చూసి జడిసి రంగు తిరిగాయేమోనే," అన్నారు మా ఆయన, అక్కడ నీళ్లు పెడుతున్న అమ్మాయితో.

అమ్మాయి నన్ను తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. వాళ్ల నాన్న ఇంటివైపు సైగ చెయ్యగానే గిరుక్కున తిరిగి వెళ్లి, మంచం కింది సంచి లాక్కొచ్చి మేస్త్రి ముందు కుమ్మరించింది.

"మావి ఇవండీ. చిల్లున్నచోట కోసి పారేసి వండుకోవచ్చు. మందు మాత్రం కొట్టను. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే దారి అటు."

చెంపదెబ్బ పడబోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

మేస్త్రి ఒకటి విరిచి వాసన చూశాడు. "తీసుకుంటాను. ఒక షరతు. బడి గేటు దగ్గర పిల్లల తల్లిదండ్రులు చిల్లులు చూసి గొడవ చేస్తారు. వాళ్లకు జవాబు చెప్పడానికి ఈ అమ్మే రావాలి. ఇంత పిరికావిడే తింటోందంటే ఇంకెవరికీ అనుమానం ఉండదు."

"నేనా!" అనేలోపే అమ్మాయి సరేనంది. మా ఆయనైతే చప్పట్లే కొట్టారు.

ఇప్పుడు వారం వారం బడి గేటు దగ్గర బుట్టలతో నిలబడుతున్నాను. మొన్న ఒక పిల్లాడి తండ్రి బుట్టలోంచి వంకాయ తీసి విరిచి, ఊపుకుంటూ మీదికొచ్చాడు.

"ఇందులో పురుగుందమ్మా!"

నేను బుట్ట వెనక్కి జరిగాను. గొంతు మాత్రం పెంచాను.

"బతికే ఉందా?"

"ఉంది!"

"రాత్రీపగలూ అదే తిని అది బతికింది. ఒక్కపూట తింటే మీవాడికేం భయమండీ?"