అతుకు లేని పెద్దాయన

మమ్మల్ని ఏలే పెద్దాయన పర్యటన సందర్భంగా మా వీధిలో అయిదంతస్తుల ఎత్తున ఆయన ఫ్లెక్సీ నిలబెడుతున్నామనీ, అందులో ఒక్క అతుకు కూడా ఉండబోదనీ మంత్రిగారు మైకులో ప్రకటించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. కిందటిసారి ఇంకో మంత్రి రెండు ముక్కలు కలిపి కుట్టించిన ఫ్లెక్సీ, సరిగ్గా పెద్దాయన నడుం దగ్గర గాలికి విడిపోయి, పై సగం ఎగిరి కూరగాయల మార్కెట్ మీద పడింది. ఆ మంత్రి ఇప్పుడు మంత్రి కాదు. మా మంత్రిగారి పట్టుదలకి అదే కారణమని గిట్టనివాళ్ళు అంటారు గానీ, నేను నమ్మను. అది భక్తి.

అంత వెడల్పు రోల్ పట్టే ప్రింటర్ ఊళ్ళో మా అక్క షాపులోనే ఉంది. అక్క పగలంతా ఫ్లెక్సీలు కొడుతుంది, నేను అదే షాపులో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతాను. కాబట్టి ఇదంతా కళ్ళారా చూసి రాస్తున్నది.

మంత్రిగారు ఆర్డర్ ఇస్తూ ఎంత వినయంగా మాట్లాడారో!

"అమ్మా, రేపు పెద్దాయన వచ్చేసరికి ఫ్లెక్సీ పైన ఉండాలి. లేకపోతే షాపుకి సీలు పడుతుంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు, అందుకే ముందే చెబుతున్నాను."

అక్క మొహం పాలిపోయింది. ఆ షాపు పెట్టడానికి ఆవిడ ఎంతమంది కాళ్ళావేళ్ళా పడిందో నాకు తెలుసు. "ఒరేయ్, ఇది మూతబడితే నేనేమైపోవాలిరా?" అంది నాతో. మంత్రిగారు ముందే చెప్పినందుకు సంతోషించమన్నాను. ఎందుకో తిట్టింది.

పర్యవేక్షణకి మంత్రిగారు తన ముఖ్య కార్యకర్తని వదిలి వెళ్ళారు. నిద్రలో కూడా జై కొడతాడని అతన్ని అందరూ జైజై అంటారు. అక్క రోల్ ఎక్కించింది, అంచు సరిచూసింది, ఫ్లెక్సీ జారకుండా పైనుంచి నొక్కిపట్టే రబ్బరు చక్రాల వరస దించింది. జైజై కెవ్వుమన్నాడు.

"ఏంటక్కా ఇది? పెద్దాయన నెత్తిన చక్రాలా?"

"ఆయనింకా ప్రింటవలేదు తమ్ముడూ. అది ఉత్త తెల్ల ఫ్లెక్సీ."

"రాబోయేది ఆయనే కదా! మంత్రిగారి సీట్లో మంత్రిగారు లేనప్పుడు నువ్వు కూర్చుంటావా?"

ఈ తర్కం నాకు నచ్చింది. అక్క దగ్గర జవాబు ఉంది గానీ, అతను వినలేదు. మొహం వచ్చే మేర, మధ్యలో ఉన్న చక్రాలన్నీ తన చేత్తోనే పైకెత్తేశాడు. అంచుల్లో ఉన్నవి మాత్రం ఉండనిచ్చాడు, అక్కడ ఆకాశమే వస్తుంది కాబట్టి.

ప్రింటింగ్ మొదలైంది. అంచులు ముందుకెళ్ళాయి, మధ్య భాగం మొరాయించింది. ఆకాశం సాఫీగా దిగుతోంది, పెద్దాయన నుదురు మాత్రం ఉన్నచోటే ఉండి, ఒక గీత మీద ఇంకో గీత పడి నల్లబడుతోంది. కనుబొమలు వచ్చి జుట్టులో కలిశాయి. మధ్యలో ఉబ్బిన ముడతని, రంగు చల్లే ప్రింట్ హెడ్ గీరుకుంటూ పోయింది. అక్క మెషిన్ ఆపబోతే జైజై అడ్డంపడ్డాడు.

"ఆపితే అతుకు పడుతుంది!"

"ఆ చక్రాలు దించనీ, అన్నీ సర్దుకుంటాయి!"

"ఇప్పుడు దించితే కళ్ళ మీద పడతాయి. నేను ప్రాణాలతో ఉండగా జరగదు."

కబురందుకుని మంత్రిగారు వచ్చారు, వెంట అధికారులు. అక్కడికక్కడే కమిటీ వేశారు. రోల్‌లోనే ప్రతిపక్షం వంపు ఉందని ఒక అధికారి అనుమానించారు. గదిలో తేమ ఎక్కువైందని ఇంకొకరు ఫ్యాన్ వేయించారు, మూడో ఆయన ఆపించారు. చివరికి మంత్రిగారే ప్రజాస్వామ్యబద్ధమైన పరిష్కారం చెప్పారు.

"చక్రాలెందుకయ్యా? మనకి కార్యకర్తలు లేరూ? వచ్చిన ఫ్లెక్సీని వచ్చినట్టు ముందునుంచి లాగమనండి!"

మంత్రిగారి బావమరిది వర్గం ఎడమ అంచు పట్టుకుంది, అల్లుడి వర్గం కుడి అంచు పట్టుకుంది. ఈ రెండు వర్గాలకీ ఉప్పూనిప్పూ. భక్తిలో మేమంటే మేమని ఎంత గుంజారంటే, ఆ గుంజుడికి పెద్దాయన ముక్కు దగ్గర్నుంచి కిందికి సాగిపోయారు. ఎడమ చెవి ఉండాల్సిన చోటే ఉంది, కుడి చెవి మెడ దాకా దిగింది. ఒంటినిండా సన్నని తెల్లగీతలు పడ్డాయి. మెడ ఎక్కడ ఆగుతుందోనని కార్యకర్తలు చాలాసేపు ఎదురుచూశారు.

ఇంకో రోల్ లేదు, ఇంకో దారీ లేదు. దాన్నే కట్టారు. అక్క ప్రింటర్ మీద దుప్పటి కప్పి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. నేనే టీ తెచ్చిచ్చాను. తోబుట్టువు కదా.

పెద్దాయన కారు దిగారు. మనిషి పొట్టి; ఆ మాట ఇంతవరకూ ఎవరూ ఆయనతో అనలేదు. తలెత్తి చూశారు. చూస్తూనే ఉన్నారు. జైజై జై కొట్టడం మర్చిపోయాడు.

"ఆ గీతలేంటి?" అన్నారు పెద్దాయన.

"తమరి కాంతి సార్," అన్నారు మంత్రిగారు.

"నుదురు నల్లగా ఉందే?"

"ఆలోచనలు సార్. ఒకదాని మీద ఒకటి."

పెద్దాయన మళ్ళీ చూశారు. మెడ పొడవునా చూశారు. "ఇన్నాళ్ళూ నన్ను పొట్టిగా కొట్టి చంపారయ్యా," అన్నారు గద్గదంగా. "ఇదీ నేను!"

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఆఫీసులో, ప్రతి బడిలో, ప్రతి బస్సు వెనకా ఈ బొమ్మే ఉండాలి, మా అక్క షాపులోనే కొట్టాలి. మా అక్క అమాయకురాలు. మంత్రిగారితో, "అయ్యా, ఆ బొమ్మ ఆయనలా లేదండీ. చక్రాలు దించి చక్కగా ఇంకోటి తీసిస్తాను," అంది.

మంత్రిగారు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎంతో ఓపిగ్గా చెప్పారు. "అమ్మా, బొమ్మ ఆయనలా లేదన్న మాట ఈ షాపు గుమ్మంలో ఇంకోసారి వినపడితే సీలు పడుతుంది. ముందే చెబుతున్నాను."

ఆనాటి నుంచి చక్రాలు పైకెత్తే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోకుండా జైజైని గుమ్మంలో కాపలా పెట్టారు. మెషిన్ సర్వీసుకి వచ్చిన మెకానిక్, "మెటీరియల్ జారుతోందండీ, చిటికెలో బాగుచేస్తాను," అన్నందుకు అతన్ని విద్రోహం కింద స్టేషన్‌కి తీసుకెళ్ళారు. లాగడానికి రెండు వర్గాలకీ ఉద్యోగాలు పర్మనెంట్ అయ్యాయి. బడిపిల్లలు పెద్దాయన బొమ్మ గీస్తే, కుడి చెవి మెడ మీద పెట్టినవాళ్ళకే మార్కులు. ఊళ్ళో ఎవరికీ ఇప్పుడది వింతగా లేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అలవాటైపోయింది.

మొన్న మధ్యాహ్నం ఒక పొట్టి మనిషి తలకి తువ్వాలు చుట్టుకుని షాపుకి వచ్చాడు. మారువేషంలో ప్రజల కష్టసుఖాలు తెలుసుకోవడం పాలకుల కర్తవ్యమని ఆ వారమే పేపర్లో పడింది. ఆయన నేరుగా మెషిన్ దగ్గరికి పోబోయారు. జైజై చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరు నువ్వు?"

ఆయన చిరునవ్వుతో తువ్వాలు తీసేశారు. "ఇప్పుడు చూడు."

జైజై చూశాడు. గోడ మీది బొమ్మ చూశాడు. మళ్ళీ ఈయన్ని చూశాడు.

"మెడేది?" అన్నాడు.

"ఒరేయ్, నేనురా! పెద్దాయన్ని!"

"పెద్దాయన పేరు చెప్పుకుని తిరుగుతున్నావా? చెవులు రెండూ ఒకే ఎత్తులో పెట్టుకుని!" అంటూ కాలరు పట్టుకున్నాడు.

ఆయన విడిపించుకుని అక్క వైపు తిరిగారు. అంత పెద్దమనిషి మొహంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఈ ఫ్లెక్సీ నువ్వే కొట్టావు కదా. నువ్వు చెప్పు. నేను పెద్దాయన్ని కానూ? ఆ బొమ్మ నాది కాదూ?"

అక్క ఆయన మొహంలోకి చూసింది. తర్వాత మెషిన్ వంక చూసింది.

"మీరెవరో నాకు తెలీదండీ," అంది. "దారి వదలండి, పెద్దాయన ఫ్లెక్సీలు ఇంకా చాలా కొట్టాలి."