సున్నా ఆవిష్కరణ

"ఇకమీదట ఏ విద్యార్థీ ఒక అంకె కోసం ఏడవకూడదు!" అని గణాంకాల మంత్రిగారు ప్రకటించారు. పట్టణంలో ఎవరెంతమంది ఉన్నారు, ఏం చేస్తున్నారు, ఏం చేయడం లేదు, అంతా ఒక్క క్లిక్కులో. ఆ క్లిక్కు పేరు 'అంకెల గని'. మంత్రిగారి దూరదృష్టి అలాంటిది.

సైటు తయారుచేసింది మాత్రం గణాంకాల ఆఫీసు రెండో అంతస్తులో, ప్రింటరుకీ మంచినీళ్ల డబ్బాకీ మధ్య కూర్చునే కాంట్రాక్టు అమ్మాయి. ఆఫీసులో అందరూ ఆమెను 'వెబ్‌సైటూ' అని పిలుస్తారు. నాలుగేళ్ల ఇంజినీరింగు చదువుకి దక్కిన ఏకైక బిరుదు కాబట్టి ఆమె కూడా పలుకుతుంది.

ఆ సాయంత్రం పదో తరగతి చదివే చెల్లెలు లాప్‌టాప్ పట్టుకొచ్చింది.

"అక్కా, ఎకనామిక్స్ అసైన్‌మెంటు. మన ఊళ్లో ఉద్యోగం లేనివాళ్లు ఎంతమందో రాయాలి. ఆధారం చూపించకపోతే ఇరవై మార్కులూ గోవిందా. శుక్రవారమే ఆఖరు."

"పిచ్చిమొహమా, గని ఓనర్ని ఇంట్లో పెట్టుకుని వెతుక్కుంటావేంటే!" అని వెబ్‌సైటు కాలరెగరేసి తన సైటు తెరిచింది.

గొడుగులు బాగుచేసేవాళ్లు పదకొండు మంది. వీధికుక్కలు, వయసులవారీగా. మెట్లున్న ఇళ్లు, లేని ఇళ్లు. నిరుద్యోగుల దగ్గర మాత్రం 'త్వరలో' అని ఉంది.

"గని బాగుందక్కా. ఎక్కడ తవ్వినా కుక్కలే పడుతున్నాయి."

పరువు పోయింది. మర్నాడు వెబ్‌సైటు నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది.

"లెక్క ఎప్పుడో తేలిందమ్మాయ్. ఇంకా ఆవిష్కరించలేదంతే."

"అంకెని ఆవిష్కరించడమేంటి సార్?"

"మరి? రిబ్బన్ కత్తిరించకుండా కొత్త వంతెన మీద బండి వదుల్తామా? ఇదీ అంతే. కానీ నిరుద్యోగుల అంకెకి ఏ మంత్రి కత్తెర పట్టుకుంటాడు చెప్పు?" అంటూ ఆయన సొరుగులోంచి సీలు వేసిన కవరు తీశారు. "ప్రింటర్లోంచి తిన్నగా ఇందులోకే పెట్టించా. భయమేసి నేనూ చూళ్లేదు."

ఇద్దరూ కలిసి చింపారు. లోపల కాగితం మీద ఒకే ఒక్క సున్నా ఉంది.

డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. వెబ్‌సైటుకి మాత్రం విషయం వెంటనే వెలిగింది. నిరుద్యోగులు ఆన్‌లైన్లో నమోదు చేసుకునే ఫారం ఆమె సొంతంగా చేయలేదు. ఆఫీసు ఉద్యోగుల గుర్తింపు కార్డుల కోసం చేసిన పాత ఫారాన్ని కాపీ కొట్టి, పైన పేరు మార్చింది. 'ప్రస్తుతం పనిచేయు చోటు' పక్కన ఉన్న ఎర్ర స్టారు తీయడం మర్చిపోయింది. ఆ గడి నింపితేగానీ ఫారం ముందుకు కదలదు. ఆర్నెల్లుగా ఊళ్లో ఉద్యోగం లేనివాళ్లంతా అక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. కొందరు ఫోన్ చేసి అడిగారు కూడా. "స్టారున్నవన్నీ తప్పనిసరిగా నింపాలండీ" అని ఆమే ఎంతో మర్యాదగా చెప్పింది.

"సార్, ఇది నా పొరపాటు."

"పొరపాటనకు, వడపోత అను."

"మళ్లీ లెక్కపెడదాం సార్. మా చెల్లికి అసలు అంకె కావాలి."

"నీకు చెల్లెలుందా? చదువుకుంటోందా? ఇంకేం! గురువారమే ఆవిష్కరణ పెట్టేద్దాం, వేదిక మీద బటన్ నొక్కడానికి ఒక విద్యార్థిని కావాలి."

ఆ రెండ్రోజుల్లో ఫారం సంగతి అందరికీ చెప్పేద్దామని వెబ్‌సైటు మూడుసార్లు నోరు తెరిచింది. మూడోసారి ఎవరో చేతికి టీ ఇచ్చారు. తాగేసింది.

గురువారం హాలు కిటకిటలాడింది. మంత్రిగారు మానిటరుకి చుట్టిన రిబ్బన్ కత్తిరించారు. చెల్లెలు నొక్కింది. తెర నిండా సున్నా.

"చూశావా పాపా! ఎంతమంది?"

"సున్నా అండీ. అంటే ఎవరూ లేరనా, ఎవర్నీ అడగలేదనా?"

మంత్రిగారు తడుముకోలేదు. గొప్పవాళ్లు తడుముకోరు.

"నీకేది నచ్చితే అది రాసుకో తల్లీ. ఆ స్వేచ్ఛ కూడా ఇచ్చింది మేమే కదా!"

చప్పట్లు. ఆ ఊపులోనే ఆయన మరో చారిత్రక నిర్ణయం ప్రకటించారు. "లేనివాళ్లని లెక్కపెట్టడానికి మనుషులెందుకు? నిరుద్యోగ గణన విభాగం ఈ క్షణం నుంచే రద్దు!"

మళ్లీ చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది వెబ్‌సైటే. తన కాంట్రాక్టు ఆ విభాగం కిందేనని, అందులో ఉన్నది తానొక్కతేనని నాలుగో చప్పట దగ్గర గుర్తొచ్చింది. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే బాగుండదని ఇంకో రెండు కొట్టింది.

శుక్రవారం సాయంత్రం చెల్లెలు బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఊడ్చి, తుడిచి ఉంది. పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్ది ఉన్నాయి. అక్క రెండోసారి సర్దుతోంది.

"అసైన్‌మెంటు ఇచ్చేశావా?"

"ఇచ్చా. సున్నా అని రాయబుద్ధి కాలేదక్కా. నాకు తెలిసినంతలో ఒకరు అని రాశాను."

అక్క చేతిలో పుస్తకం ఆగిపోయింది. "మీ సారేమన్నారు?"

"తెగ మెచ్చుకున్నారు. క్లాసంతా సైట్లోంచి దించేశారట. నేనొక్కదాన్నే సొంతంగా సమాచారం సేకరించానట. కాకపోతే ఇంకా మార్కులెయ్యలేదు."

"ఏం?"

"ఆధారం ఒరిజినల్ చూడాలన్నారు. సోమవారం వెంటబెట్టుకు రమ్మన్నారు."

అక్క ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది.

"ఎన్నింటికి?"

"ఎప్పుడైనా పర్లేదని చెప్పేశా. నీకు ఖాళీయే కదా."