అంత్యక్రియలవాళ్ళ కుర్చీలు

నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకి ముందురోజు ఉదయం మార్లిస్ ట్వైట్ పెట్టుకున్న పనులు మూడే. పదింటికల్లా గుమ్మడికాయ పూర్ణం పెట్టి కాల్చే 'పై'లు చేసెయ్యాలి, మధ్యాహ్నం బల్లలు సర్దాలి, రోజంతా ఏడవకుండా ఉండాలి. తొమ్మిదిన్నరకి పైల పిండి మూడోసారి కూడా పెళ్ళలుగా విరిగిపోవడంతో, సింకు దగ్గర నిలబడి ఏడ్చేసింది.

నలభై ఒక్క ఏళ్ళుగా ఆ పండగ విందు ఆమె అత్తగారు ఆల్వినా ఇంట్లోనే జరుగుతూ వచ్చింది. జూలైలో తుంటి విరిగాక ఆల్వినా ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వచ్చింది. అప్పట్నుంచీ కిటికీ పక్కన కూర్చుని వీధి చూడటమే ఆవిడ పని. మాట్లాడేది తక్కువ. ఆ తక్కువలో ఎక్కువ భాగం కోడలి వంట గురించే. రేపు వచ్చే పద్నాలుగు మందీ ఆల్వినా చేతివంట రుచి మరిగినవాళ్ళే.

ఇంట్లో కుర్చీలు ఆరున్నాయి. చర్చివాళ్ళు అరువిచ్చే కుర్చీలు ఎవరో ముందే తీసుకుపోయారు. అందుకని మార్లిస్ భర్త ఆర్విడ్, ఊళ్ళో అంత్యక్రియల వ్యాపారం నడిపే తన చిన్ననాటి స్నేహితుడు డ్యూయీని కుర్చీలూ, ఒక పొడవాటి మడతబల్లా అడిగాడు. అడిగి, తల్లిని తుంటి డాక్టరుకి చూపించడానికి పొద్దున్నే ఫార్గో తీసుకెళ్ళాడు.

డ్యూయీ పదింటికి వచ్చాడు. పదకొండింటికి ఇంకోచోట పని ఉందని నల్లసూటులో వచ్చాడు. వ్యాను మరమ్మతులో ఉందని శవాల బండిలో వచ్చాడు. మంచుకి తడవకుండా దుప్పటి కప్పిన బల్లని అతనూ, అతని మనిషీ చెరో కొసా పట్టుకుని మెల్లగా, మర్యాదగా గరాజులోకి మోశారు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు ఏది మోసినా అలాగే మోస్తారు.

ఎదురింటి ఫెర్న్ అదంతా కిటికీలోంచి చూసింది. బండి కదలగానే కోటు తగిలించుకుని వచ్చేసింది. తలుపు తీసిన మార్లిస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా ఉన్నావు తల్లీ?"

"ఏముంది ఫెర్న్, రాత్రి కన్ను మూతపడితే ఒట్టు."

"మరి... ఎక్కడ పెట్టారు?"

ఇరవై నాలుగు పౌన్ల టర్కీ కోడి ఫ్రిజ్‌లో పట్టడం లేదని మార్లిస్ నిన్ననే ఫెర్న్ దగ్గర మొత్తుకుంది. దాని సంగతే అడుగుతోందనుకుంది.

"గరాజులో. ఉప్పునీళ్ళ తొట్టిలో పెట్టి మూతేశాను. కాళ్ళు పైకొస్తుంటే దారంతో కట్టాను."

ఫెర్న్ గుమ్మం పట్టుకుంది. "అయ్యో... ఎప్పుడు అనుకుంటున్నారు?"

"రేపు పొద్దున ఆరింటికి ఓవెన్‌లో పెడితే, మధ్యాహ్నానికి అయిపోతుంది."

"ఇంట్లోనా?"

"ఇంకెక్కడ? బయట ఇద్దామంటే మా అత్తయ్య ఒప్పుకోదుగా. ఏది జరిగినా ఇంట్లోనే జరగాలంటుంది."

ఫెర్న్ ఆమె చెయ్యి ఒకసారి నొక్కి, వెనక్కి నడిచింది. అరగంటలో వీధి వీధంతటికీ ఫోన్లు వెళ్ళాయి. ఆల్వినా పోయింది. ఆ బాధకి కోడలికి మతి చలించింది. ఎవరూ ఏమీ అడగొద్దు, చావు మాట ఎత్తొద్దు, చావింటికి అలవాటుగా ఇచ్చే వంటకం చేతిలో పెట్టి వచ్చెయ్యండి.

వంటకాలు రావడం మొదలైంది. ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్‌లు, హ్యామ్ శాండ్‌విచ్‌లు, క్యారెట్ తురుము వేసిన, తొణికిసలాడే పచ్చ జెల్లో. ఇచ్చినవాళ్ళందరూ తల పక్కకి వాల్చి, "నువ్వేం చెయ్యక్కర్లేదు, కాసేపు కూర్చో" అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయారు. మొదటి పళ్ళేనికి మార్లిస్ సంతోషించింది. నాలుగోదానికి అనుమానపడింది. తొమ్మిదోదానికి ఆమెకి విషయం అర్థమైపోయింది. తనకి వంట చేతకాదని ఊరు ఊరంతా ఏకగ్రీవంగా తీర్మానించింది.

రెండింటికి బిస్మార్క్ నుంచి ఆడపడుచు లొరీన్ ఫోన్ చేసింది.

"ఫెర్న్ చెప్పింది వదినా. రేపు మేమెవరం రావట్లేదు. ఇప్పుడు తిండి ఎవరికి ఎక్కుతుంది? శనివారం వస్తాం."

"ఫెర్న్ చెప్పిందా," అంది మార్లిస్. "సరే." ఫోన్ పెట్టేసి, పైల పిండి చెత్తబుట్టలో పడేసి, బల్లమీది పదిహేడు వంటకాల మధ్య తలవాల్చి కూర్చుంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అంత ఒంటరిగా ఆమెకెప్పుడూ అనిపించలేదు.

చీకటిపడే వేళకి ఫెర్న్ పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన చాలా మృదువుగా, "గరాజు ఒకసారి చూడనిస్తావా అమ్మా?" అన్నాడు.

కోడిని కూడా తనిఖీ చేస్తారన్నమాట. మార్లిస్ గరాజు తలుపు ఎత్తింది. పాస్టరుగారు టోపీ తీసి, కళ్ళు మూసుకుని ప్రార్థించి, తొట్టి మూత ఎత్తాడు. చాలాసేపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆర్విడ్ బండి వాకిట్లో ఆగింది. ఆల్వినా వాకరు ఊతంతో దిగి, గరాజు దాకా వచ్చింది.

"పాస్టరుగారూ," అంది, "అది రేపటికి."

ఫెర్న్ ఉన్నపళాన మంచులో కూలబడింది.

సంగతంతా తేలేసరికి గంట పట్టింది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక ఆల్వినా వంటింట్లో కూర్చుని, ఒక్కో పళ్ళెమే పైకెత్తి, అడుగున అంటించిన పేర్లు చదివింది.

"జూలై నుంచీ వీళ్ళలో ఒక్కరైనా మన తలుపు తట్టారా?"

"నాకు వంట రాదని తెచ్చారనుకున్నాను అత్తయ్యా," అంది మార్లిస్.

"నీకు రాదని కాదు. నేను పోయానని." ఆల్వినా పళ్ళెం దించింది. "ఇద్దర్లో ఎవరు ఎక్కువ బాధపడాలో నాకు తెలియడంలేదు. వెళ్ళి పిండి తే. వెన్న బాగా చల్లగా ఉండాలి. ఆ ముక్క ఇన్నేళ్ళూ నీకు కావాలనే చెప్పలేదు."

పైలు ఒత్తడం అయ్యాక ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని వరసగా పదిహేడు ఇళ్ళకీ, ఆపైన కూతురికీ తనే చేసింది. "నేను, ఆల్వినాని. రేపు రెండింటికి వచ్చి మీ గిన్నెలు తీసుకెళ్ళండి. తినే వెళ్ళండి." ఇద్దరు ఫోన్ కింద పడేసుకున్నారు. లొరీన్ మాత్రం, ఎవరో ఆకతాయిలనుకుని తల్లిని తిట్టి పెట్టేసింది.

మర్నాడు ఆ పదిహేడు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. వీపుమీద డ్యూయీ సంస్థ పేరున్న కుర్చీల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. నిన్న ఎవరికోసమైతే ఏడ్చారో ఆవిడే ఎదురుగా కూర్చుని వడ్డిస్తుంటే, టర్కీ ఎండిపోయిందని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అందరూ రెండుసార్లు వడ్డించుకున్నారు. "నా మొదటిది ఇంతకన్నా ఎండింది," అని ఆల్వినా కోడలికి మాత్రమే వినబడేలా చెప్పింది. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరూ, తరచు వస్తుంటామని మాటిచ్చారు. నెల్లాళ్ళు, క్రిస్మస్ దాకా వచ్చారు కూడా.

ఆల్వినా ఇంకో ఆరేళ్ళు బతికి, ఒక ఫిబ్రవరిలో నిజంగానే పోయింది. ఈసారి తొందరపడకూడదని అందరూ ఆగడంతో, మూడో రోజుదాకా ఆ ఇంటికి ఒక్క వంటకమూ రాలేదు.