మూర్తిగారి మావులు

పందొమ్మిదివందల ముప్ఫైఆరో సంవత్సరం వేసవిలో, ఒక బుధవారం పొద్దున్న సత్యనారాయణమూర్తిగారు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి ఇన్‌స్పెక్టరుగారు వస్తారు, కొల్లేటి పల్లెలో తాను నడిపే పెద్దల బడిలో వేంగి రాజుల పాఠం వింటారు, చదువుకునేవాళ్లు అల్లిన మావులు చూస్తారు, బడి ఇంకో ఏడాది సాగుతుంది. సాగకపోతే ఏలూరులో మామగారింటికి చేరి బావమరుదులు తిన్నాక విస్తరి ముందు కూర్చోవాలి.

మావంటే చేపలు పట్టే వెదురుబుట్ట. మూర్తిగారు జన్మలో చేపను ముట్టి ఎరుగరు. అయినా లైబ్రరీ పుస్తకంలో బొమ్మ చూసి, కొల్లేట్లో పుట్టి పెరిగిన ఇరవైమందికి మావు అల్లడం నేర్పారు. చేప దూరే దారి లోపలికి పోనుపోను ఇరుకవ్వాలి. ఆయన దాన్ని తిరగేశారు. అరవయ్యేళ్ల పోలయ్య అది చూశాడు. గురువుగారిని కాదనడం మర్యాద కాదని తానూ అలాగే అల్లాడు. పెద్దాయనే అల్లాక మిగతావాళ్లూ అలాగే అల్లారు.

"సొంత మావులు తీసేసి మన బడి మావులే నీళ్లలో పెట్టండి. ఇన్‌స్పెక్టరు దొరగారి ముందు అవే ఎత్తుదాం," అని మూర్తిగారు ముందురోజే చెప్పారు.

"చిత్తమండీ," అన్నాడు పోలయ్య.

తెల్లారి చూస్తే ఏ మావులోనూ ఒక్క చేపపిల్ల లేదు. గురువుగారి పరువు పోతుందని పోలయ్య గుట్టుగా ఆకివీడు బజారుకు పోయి, రెండు కొర్రమేనులు కొన్నాడు. వాటిని మావులో వేసి మూతి కట్టెయ్యాలని అతని ఎత్తు. అదే ఎత్తుతో గుట్టుగా వచ్చిన మిగతా పందొమ్మిదిమందీ అక్కడే ఎదురుపడ్డారు. చివర వచ్చిన బుల్లెమ్మకు పచ్చిచేప దొరకలేదు.

ఇన్‌స్పెక్టరుగారు వేంగి రాజుల పాఠాన్ని ఆవులిస్తూ విన్నారు.

"ఆ రాజులు ఏ చేప తినేవోరండీ?" అని పోలయ్య వినయంగా అడిగాడు. చరిత్రలో ఆ సంగతి లేదు. అందరూ గట్టుకు నడిచారు.

మొదటి మావు ఎత్తితే కొర్రమేనులు. రెండోది ఎత్తితే వాలుగ. మూర్తిగారి ఛాతీ ఉబ్బింది. మూడోది బుల్లెమ్మది. అందులోంచి నీళ్లోడుతూ ఎండు మెత్తళ్లు రాలాయి.

"ఏవమ్మా, ఇవి ఎండిపోయి ఉన్నాయే?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"ఎండలు ముదిరాయి కదండీ," అంది బుల్లెమ్మ.

మూర్తిగారు పోలయ్యను పక్కకు లాగారు. "ఏం జరిగింది? నిజం చెప్పు."

"మావు తిరగేసి అల్లామండీ. చేపలు బజారువండీ."

"మొదటిరోజే చెప్పొచ్చు కదయ్యా!"

"తమరు అంత కష్టపడి నేర్పుతుంటే మధ్యలో అడ్డు రావడమెందుకని ఊరుకున్నామండీ."

మూర్తిగారికి సిగ్గుతో పాటు కన్నీళ్లూ వచ్చాయి. ఇంత మంచివాళ్ల చేత అబద్ధమాడించడం కన్నా బావమరుదుల ఎంగిలి విస్తళ్ల పక్కన కూర్చోవడమే నయమనుకుని, తిన్నగా వెళ్లి ఉన్నదంతా ఇన్‌స్పెక్టరుగారికి చెప్పేశారు.

ఇన్‌స్పెక్టరుగారు నొచ్చుకున్నారు. "ఇప్పుడు చెబితే ఎలాగండీ? మీ క్లాసు బ్రహ్మాండమని నిన్ననే రిపోర్టు పంపేశానే!"

ఆ రిపోర్టు చూసి పైవాళ్లు ముచ్చటపడి, మెట్టవాళ్లకూ మావులల్లడం నేర్పమని మూర్తిగారిని చింతలపూడి వైపు పంపారు. అక్కడి చెరువులో నీళ్లు లేకపోవడం వల్ల ఆయన పనితనంలో ఇంతవరకూ ఎవరికీ లోపం కనబడలేదు.