పోప్ గారి గడ్డమూ, రెండు ఈస్టర్లూ

రోముతో రాజీ కుదిరిందన్న శుభవార్త అలెగ్జాండ్రియా రేవులో ఓడ దిగి, బాకాలు ఊదించుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి, పముతి తన కొత్త పెళ్ళాం తాయేసికి బాతు కాలు తినిపిస్తున్నాడు. ఆమె కొరికిన చోటే తనూ కొరుకుతున్నాడు. పెళ్ళయి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఆ ఇంట్లో రెండో పళ్ళెం అవసరం పడలేదు.

"క్రైస్తవ లోకానికి శుభవార్త!" అని వీధిలో చాటింపువాడు అరిచాడు. "రోము పోప్ గారూ మన పోప్ గారూ ఒక్కటయ్యారహో! ఇకనుంచి అందరికీ ఒకటే ఈస్టర్! అది ఎప్పుడన్నది ఈ మధ్యాహ్నం పెద్ద గుడిలో పరిశుద్ధాత్మ తేలుస్తుందహో!"

తాయేసి నమలడం ఆపింది. "తేల్చేదేముంది? మన ఈస్టర్ ఇంకా చాలా దూరం కదండీ?"

"మన లెక్కకి దూరమే. రోము లెక్కకి నెల ముందు." పముతికి బాతు ముక్క గొంతులో అడ్డం పడింది. "అంటే పెద్ద ఉపవాసాలు వాళ్ళకి రేపే మొదలు."

పెద్ద ఉపవాసాలంటే మాంసం లేదు, మద్యం లేదు, మొగుడూపెళ్ళాలకి ఒకే పక్క లేదు. గుడి ఉద్యోగులైతే ఈస్టర్ వచ్చేదాకా గుడి వరండాలోనే పడుకోవాలి. పముతి గుడి ఉద్యోగి. తమ పోప్ గారి లెక్కని నమ్ముకునే, ఉపవాసాలకి నిక్షేపంలాంటి నెల ఉందని పెళ్ళి పెట్టుకున్నాడు.

"ఇంతకీ ఆ పరిశుద్ధాత్మ ఎవరి నోటితో మాట్లాడుతుంది?" అంది తాయేసి.

"నా నోటితో."

అది గొప్ప కాదు, నిజం. పముతి జేజేల నాయకుడు. సభలో అతను మొదటి కేక వేస్తాడు, జనం అందుకుంటారు, లేఖకులు రాసుకుంటారు. సభంతా ఒక్క గొంతుతో అరిచిందంటే అది పరిశుద్ధాత్మ మాట. ఒకసారి రాశాక చెరపడానికి పోప్ గారికి కూడా హక్కు లేదు.

"మరింకేం! మన ఈస్టరే అని ఒక్క అరుపు అరిచి ఇంటికొచ్చేయండి. మిగతా బాతు మూతపెట్టి ఉంచుతాను."

పముతి గాలిలో తేలుతూ గుడికి వెళ్ళాడు. గుమ్మంలోనే, పోప్ గారి పనులన్నీ చక్కబెట్టే పెద్ద డీకన్ నీలమ్మోన్ గారు పట్టుకున్నారు.

"ఒరేయ్ పముతీ, సరిగ్గా విను. పోప్ గారు కుడిచేత్తో గడ్డం పట్టుకుంటే మన తేదీ. ఎడమచేత్తో పట్టుకుంటే రోము తేదీ."

"అయ్యగారూ, ఇంతకీ పోప్ గారి అభిప్రాయం ఏది?"

"అభిప్రాయమేమిట్రా? చక్రవర్తిగారి కబురు దారిలో ఉంది. అది అందాక అభిప్రాయం వస్తుంది."

"మరి రోము తేదీ సాతాను తేదీ అని పోయినేడు నాచేతే అరిపించారు కదండీ?"

"పోయినేడు సాతాను అక్కడే ఉండేవాడు. ఇప్పుడు ఖాళీ చేశాడు. వెళ్ళి నిలబడు."

సభ మహాద్భుతంగా సాగింది. రోము రాయబారి లూపెర్కస్ గారు లాటిన్‌లో సుదీర్ఘంగా ఉపన్యసించారు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు గనక అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మన జ్యోతిష్కులు లేచి, చంద్రుడు మొదటినుంచీ అలెగ్జాండ్రియా పక్షమేనని రుజువు చేశారు. పోప్ గారు కళ్ళు మూసుకుని ఎంత ఏకాగ్రతతో విన్నారంటే, మధ్యమధ్య చిన్న గురక కూడా వినబడింది.

అంతలో కబురొచ్చింది. నీలమ్మోన్ గారు దాన్ని పోప్ గారి చెవిలో ఊదారు. 'పరిశుద్ధాత్మ ఏమంటే నేనూ అదే' అన్నారట చక్రవర్తిగారు.

పోప్ గారి ముఖం పాలిపోయింది. జీవితంలో మొదటిసారి సొంత అభిప్రాయం అవసరమైన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నారు. కుడిచెయ్యి కొంచెం లేచింది. ఇంట్లో ఉండబట్టలేక వచ్చేసిన తాయేసి, పైన ఆడవాళ్ళ వసారాలోంచి ముందుకి వంగింది. చెయ్యి దిగిపోయింది. ఎడమచెయ్యి లేచింది. అదీ దిగిపోయింది. ఐక్యత సందర్భంగా ఆరోజు సాంబ్రాణి రెట్టింపు వేశారు. ఆ పొగ నేరుగా వెళ్ళి పోప్ గారి ముక్కులో దూరింది. ఆయన రెండు చేతులతో గడ్డం గట్టిగా పట్టుకుని భవనం అదిరేలా తుమ్మారు.

అలవాటుపడిన నోరు. పముతి ఆలోచించేలోపే అది తెరుచుకుంది.

"రెండూ నిజమే! రెండు రోజులూ దేవుడివే!"

"రెండూ నిజమే!" అని జనం గోడలు బద్దలయ్యేలా అందుకున్నారు. లేఖకుల కలాలు గరగరా నడిచాయి. లూపెర్కస్ గారు లేచి పోప్ గారిని కౌగిలించుకున్నారు.

మన పోప్ మహానుభావుడు తడబడలేదు. లేచి నిలబడి, సిరా ఆరకముందే సిద్ధాంతం సెలవిచ్చారు. "ఈస్టర్ ఒక్కటే. రోజులు రెండు. అవి కలిసిపోవు, విడిపోవు. రోజు ఒక్కటే అన్నవాడికి శాపం! పండుగలు రెండన్నవాడికీ శాపం!"

"అయ్యా, అర్థమైంది," అన్నాడు వెనకనుంచి ఉప్పుచేపలమ్మే ఆయన. "తినేదెప్పుడండీ?"

"ఉపవాసం రోము లెక్కన రేపు మొదలు. మన లెక్కన మన ఈస్టర్‌కి ఆఖరు. మొత్తం పది వారాలు."

"మధ్యలో రోము ఈస్టర్ వస్తుంది కదండీ?"

"ఆరోజు ఆత్మకి పండుగ. కడుపు మటుకు మన లెక్కనే పాటిస్తుంది."

సభ కన్నీళ్ళతో ముగిసింది. అన్నిటికంటే పెద్ద కన్నీళ్ళు పముతివి.

ఇంటిదగ్గర తాయేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "రెండు ఈస్టర్లంటే రెండు బాతులనుకున్నాను. ఉన్న బాతు కూడా ఊడగొట్టారే!"

"నేనేం చెయ్యను? ఆయన రెండు చేతులూ పెట్టాడు!"

"బాగుంది సంబడం. మన పెళ్ళికీ ఇదే సిద్ధాంతమా? మొగుడూపెళ్ళాం ఒక్కటే. మనుషులు ఇద్దరు. కలిసిపోరు, విడిపోరు!" అని ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "పది వారాలా? మీ ముఖం మర్చిపోతాను నేను."

ఆ మాటకి పముతి బుర్రలో దీపం వెలిగింది. నైలు ఎగువ ఊళ్ళలో లెక్కలు కట్టేవాళ్ళు లేరు. ఏటా పోప్ గారి ఉత్తరం పడవలో వెళ్ళి, ఆ ఊరి గుడిలో చదివితేనే ఆ ఊరికి ఉపవాసం మొదలు. ఉత్తరం రానంత కాలం అక్కడ బాతు బాతే, పెళ్ళాం పెళ్ళామే.

"తాయేసీ, మూట కట్టు! ఆ ఉత్తరం నేను తీసుకెళ్తాను. నిన్నూ తీసుకెళ్తాను. ఊరి బయట పడవ ఆపి, మనకి ఎప్పుడు చదవాలనిపిస్తే అప్పుడే చదువుతాం!"

ఆమె అతని రెండు చెవులూ పట్టుకుని ముద్దుపెట్టింది. పముతి చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు.

పోప్ గారి రేవులో పెద్ద సందడిగా ఉంది. నీలమ్మోన్ గారు పడవలోకి బాతుల బుట్టలు ఎక్కిస్తున్నారు.

"అయ్యగారూ! ఎగువకి ఉత్తరం నేను మోసుకెళ్తానండీ!"

"ఆలస్యం చేశావురా. పోప్ గారే స్వయంగా బయల్దేరుతున్నారు. ఈ వయసులో, ఈ ఎండలో, ఉపవాస సందేశం కోసం! అదీ త్యాగమంటే."

"ఈ పడవలోనేనా ఉత్తరం?"

"కాదు. అది వెనక పడవలో. రెండింటికీ మధ్య ఎప్పుడూ ఒక ఊరు ఎడం ఉండాలని ఆజ్ఞ."

అప్పుడే పోప్ గారు వచ్చారు. చంకకో మద్యం కూజా ఉండటంతో గడ్డం పట్టుకునే వీలు లేదు. పముతిని ఎగాదిగా చూశారు.

"ఊరూరా జేజేలు కొట్టించేవాడు కావాలి. కొత్త పెళ్ళికొడుకువి నువ్వేనట కదా. నీ పెళ్ళానికి బాతు వండటం వచ్చా?"

"బ్రహ్మాండంగా వచ్చండీ!"

"అయితే ఆమెనీ పడవెక్కించు. ముందు మన ప్రయాణం చాటు."

పముతి రేవు మెట్టెక్కి, ఊరంతా వినపడేలా గొంతెత్తాడు.

"రేపు తెల్లవారగానే అలెగ్జాండ్రియా అంతా ఉపవాసమహో! రేపు తెల్లవారకముందే పోప్ గారి ప్రయాణమహో!"